పుట్టినరోజు ప్లేటు వెనక వలస కథ

మన సంఘం సంచికలో ప్రతి ఏడూ వీసాల గురించి, జీతాల గురించి, సైటు సేఫ్టీ గురించి రాసుకుంటాం. అవి రాయాల్సినవే. ఈసారి నాకు వేరే విషయం రాయాలనిపించింది. చిన్నప్పుడు పుట్టినరోజు ఫంక్షన్లలో పేపరు ప్లేటులో పెట్టి చేతికిచ్చేవాళ్ళు చూడండి, ఆ తిండి గురించి.

ఎందుకంటే శనివారం రాత్రి నలుగురం ఒక బేస్‌మెంట్ రూములో కూర్చున్నామంటే మాట చివరికి అక్కడికే పోతుంది. "ఆ కేకు టేస్టు ఇప్పుడు ఎక్కడుంది బావా" అని ఒకరు, "ఆ రస్నా ఇక్కడ కలుపుకుంటే అలా రావట్లేదన్నా" అని ఇంకొకరు. ఇదే మాట నేను గల్ఫ్‌లో ఉన్న ఆరేళ్ళూ విన్నాను. కెనడా వచ్చాకా వింటున్నాను. బ్రాంప్టన్‌లో, స్కార్‌బరోలో, మిస్సిసాగాలో ఇండియన్ స్టోరుకి వెళ్తే థమ్స్ అప్, రస్నా, పార్లే బిస్కెట్లు అన్నీ దొరుకుతాయి. కొంటాం, తింటాం, ఏదో తక్కువైందని మళ్ళీ అదే మాట అనుకుంటాం.

మరి నిజంగా ఆ రుచి పోయిందా, లేక మనమే మారిపోయామా? నేను చదివింది సివిల్ డిప్లొమా. చరిత్ర నా సబ్జెక్టు కాదు. కానీ గోడకి బీట వస్తే పైన రంగు వేసి ఊరుకోం కదా, పునాది చూస్తాం. అలాగే ఈ ప్లేటు పునాది కూడా చూద్దామనిపించి, రెండు మూడేళ్ళుగా దొరికినవి చదువుతూ వచ్చాను. తెలిసింది ఇక్కడ పెడుతున్నాను.

ఆ ప్లేటులో ఏముండేది

నేను చెప్పేది 1995 నుంచి 2005 దాకా మన జిల్లా టౌన్లలో, పెద్ద పల్లెల్లో జరిగిన పుట్టినరోజుల సంగతి. ఒక కేకు ముక్క, గుప్పెడు మిక్చరు, ఒక సమోసా లేదా అరటిపండు, రెండు చాక్లెట్లు, గ్లాసుడు రస్నా. కాస్త ఉన్నవాళ్ళయితే రస్నా బదులు కూల్ డ్రింకు. ఇంట్లో ఓపికున్నవాళ్ళయితే జంతికలు, బూందీ లడ్డు. తెలంగాణ వైపైతే సకినాలు.

అందరిళ్ళలోనూ ఇది లేదు, ఆ మాట కూడా చెప్పుకోవాలి. కూలి పని చేసుకునే ఇళ్ళలో పుట్టినరోజంటే తలంటు, కొత్త చొక్కా కుదిరితే కొత్త చొక్కా, గ్లాసుడు పాయసం. అంతే. మా వీధిలో మొట్టమొదట కేకు కోసింది దుబాయి నుంచి డబ్బులు వచ్చే ఇంట్లోనే. పిలిచిన పిల్లలు లోపల, పిలవని పిల్లలు గేటు బయట. మనలో చాలామంది ఆ గేటుకి రెండు పక్కలా ఏదో ఒక రోజు నిలబడిన వాళ్ళమే.

ఇప్పుడు ఒక్కొక్కటి తీసి చూస్తే, జంతికల లాంటి ఇంటి వంటలు పక్కన పెడితే, ఆ ప్లేటులో ఉన్నవి చాలావరకు వేరే చోటి నుంచి వచ్చినవే. తెచ్చినవాళ్ళు కూడా ఎక్కువమంది మనలాగే పొట్ట చేత పట్టుకుని ఊరు దాటినవాళ్ళు.

కేకు వచ్చిన దారి

ముందు కేకు. దక్షిణాదిలో కేకు కథ చెప్పేవాళ్ళంతా కేరళలోని తలస్సేరి దగ్గర మొదలుపెడతారు. అక్కడ మాంబళ్ళి బాపు అనే ఆయన 1880లో రాయల్ బిస్కెట్ ఫ్యాక్టరీ పెట్టారు. 1883లో మర్డాక్ బ్రౌన్ అనే ఇంగ్లీషు తోటల యజమాని ఒక క్రిస్మస్ కేకు తెచ్చి చూపించి, ఇలాంటిది చెయ్యమని అడిగితే, దొరికిన సరుకుతో చేసి ఇచ్చారు. ఈ బాపు బేకరీ పని ఎక్కడ నేర్చుకున్నారంటే, బర్మాలో. అంటే ఆయన కూడా పని కోసం బయటికి వెళ్ళి, ఒక విద్య పట్టుకుని ఇంటికి తిరిగొచ్చిన మనిషే.

బర్మా పేరు మన తెలుగువాళ్ళకి కొత్త కాదు. విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వేలమంది కూలీలు ఓడలెక్కి రంగూన్ వెళ్ళారు. రేవుల్లో మూటలు మోశారు, రైసు మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. కోరంగి రేవు పేరు మీద వాళ్ళని అక్కడ కోరంగీలు అనేవాళ్ళు. ఒకే ఊరికి వలస వెళ్ళినవాళ్ళలో ఒకాయన బిస్కెట్ విద్య తెచ్చుకున్నాడు, మనవాళ్ళు ఎక్కువమంది నడుం నొప్పి తెచ్చుకున్నారు. ఏ పని దొరికిందన్నదాన్ని బట్టి ఉంటుంది అంతా.

రెండో దారి బెంగళూరు నుంచి. హాసన్ వైపు నుంచి వచ్చిన అయ్యంగార్లు 1898లో చిక్‌పేటలో బేకరీ పెట్టారు. తర్వాత వాళ్ళ బంధువులు, ఊరివాళ్ళు ఒకరి వెనక ఒకరు వచ్చి పని నేర్చుకుని వేరే చోట్ల షాపులు తెరిచారు. ఒకడు వెళ్తే పదిమందిని లాగినట్టు, మన వీసాల లెక్కే. ఇవ్వాళ ఆంధ్రాలో, తెలంగాణలో ఏ టౌనుకి వెళ్ళినా "బెంగళూరు అయ్యంగార్ బేకరీ" అని బోర్డు కనిపిస్తుంది. మన చిన్నప్పటి కేకులు చాలా భాగం ఆ బోర్డు వెనక ఉన్న పొయ్యిలోంచి వచ్చినవే.

మూడో దారి హైదరాబాద్. దేశ విభజనలో సింధు నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్‌నాని 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ మొదలుపెట్టారు. వదిలేసి వచ్చిన ఊరి పేరునే షాపుకి పెట్టుకున్నారు. మనవాళ్ళు ఇక్కడ హోటల్‌కి గోదావరి అని, కృష్ణా అని పేరు పెట్టుకోవట్లేదా, అలాగే. అక్కడి ఫ్రూట్ బిస్కెట్ ఇప్పుడు హైదరాబాద్ నుంచి వచ్చే ప్రతివాడి సూట్‌కేసులోనూ ఉంటుంది.

క్రీము సంగతి

"ఆ పాత కేకు టేస్టు ఇప్పుడు లేదు" అనే మాటకి సగం జవాబు క్రీములో ఉంది.

గుర్తుందా, కేకు మీద గులాబీ రంగు పువ్వులు, ఆకుపచ్చ ఆకులు. మే నెల ఎండలో ఫ్యాను కింద గంటసేపు పెట్టినా కరిగేవి కావు. నాలుకకి మైనంలా అంటుకునేవి. అది వెన్న కాదు. వెన్న అయితే మన ఎండకి పది నిమిషాల్లో కారిపోతుంది. చాలా చోట్ల అది వనస్పతి, మనం ఏ కంపెనీదైనా డాల్డా అనే అంటాం. నూనెలోకి హైడ్రోజన్ ఎక్కించి గట్టిపరిచిన కొవ్వు అది. డాల్డా 1937లో మన దేశంలోకి వచ్చింది. నెయ్యి కొనలేని ఇళ్ళకి నెయ్యి లాంటిదని అమ్మారు. పసుపు రంగు డబ్బా మీద కొబ్బరి చెట్టు బొమ్మ. డబ్బా ఖాళీ అయ్యాక అందులో పప్పులు పోసుకునేవాళ్ళం, తులసి మొక్క కూడా పెట్టుకునేవాళ్ళం.

ఇలా సగం గట్టిపరిచిన నూనెల్లో ట్రాన్స్ ఫ్యాట్ ఉంటుందని, అది గుండె రక్తనాళాలకి మంచిది కాదని తర్వాత తేలింది. కెనడాలో 2018 సెప్టెంబర్ 17 నుంచి ఆ నూనెలు తిండి సరుకుల్లో వాడకూడదని నిషేధం పెట్టారు. మన దేశంలో కూడా 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం దాటకూడదని నియమం వచ్చింది. అంటే ఆ పాత క్రీము రుచి మీరు టొరంటోలో ఎంత వెతికినా దొరకదు. అది చట్టం తీసేసిన రుచి. అది దొరకట్లేదని బాధపడక్కర్లేదు, మన గుండెకి అదే మంచిది.

ఆ తర్వాత మన టౌన్లలోకి "కూల్ కేక్" వచ్చింది. ఫ్రిజ్‌లో పెట్టి అమ్మేది, తెల్లగా మెత్తగా ఉండేది. ఆ క్రీము కూడా చాలా వరకు పాల క్రీము కాదు. ఇలాంటి క్రీముని కనిపెట్టింది మనం పనిచేసే చోటికి దగ్గర్లోనే, నయాగరా అవతల బఫెలోలో. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో పాల క్రీముకి కరువొచ్చింది. అప్పుడు పాల వ్యాపారం చేసే రాబర్ట్ రిచ్ సోయా గింజల నుంచి గిలక్కొట్టే క్రీము తయారుచేయించి 1945లో అమ్మకం మొదలుపెట్టారు. ఫ్రీజ్ చేసుకోవచ్చు, పాడవదు. అదే రకం క్రీము యాభై ఏళ్ళ తర్వాత ఖమ్మంలో, ఏలూరులో మన పుట్టినరోజు కేకు మీదికి ఎక్కింది. మనం ఊరు నుంచి టొరంటో రాకముందే టొరంటో పక్క ఊరి సరుకు మన ఊరొచ్చింది.

చక్కెర ఎవరు నరికారు

ప్లేటులో కేకు, లడ్డు, చాక్లెట్, రస్నా, అన్నిటిలోనూ ఉన్నది చక్కెర. మన చిన్నప్పుడు చక్కెర ఇష్టమొచ్చినట్టు వాడే సరుకు కాదు. రేషన్ షాపులో కార్డుకి నెలకి అర కిలో. చుట్టాలొస్తే టీలోకే సరిపోయేది కాదు. అందుకే ఒక్క పూట ప్లేటంతా తీపి ఉంటే అది పండగ.

టొరంటో డౌన్‌టౌన్‌లో పనిచేసినవాళ్ళకి తెలుసు, క్వీన్స్ క్వే రోడ్డు మీద సరస్సు ఒడ్డున రెడ్‌పాత్ చక్కెర ఫ్యాక్టరీ ఉంది. ఓడలు ఫ్యాక్టరీ పక్కనే వచ్చి ముడి చక్కెర దించుతాయి. టొరంటోలో అది 1959లో తెరిచారు కానీ కంపెనీ పుట్టింది 1854లో, మాంట్రియల్‌లో. పెట్టినాయన జాన్ రెడ్‌పాత్. ఈయన మొదట చక్కెర మనిషి కాదు, మన లైనే. స్కాట్లాండ్ నుంచి 1816లో వలస వచ్చిన రాతి పని మేస్త్రి. లాచీన్ కాలవ పనుల్లో, తర్వాత రిడో కాలవ మీద జోన్స్ ఫాల్స్ దగ్గర కాంట్రాక్టులు చేసి డబ్బు సంపాదించారు. 1826 నుంచి 1832 దాకా తవ్విన ఆ రిడో కాలవ పనిలో మలేరియాతోనూ ప్రమాదాలతోనూ వందల మంది కూలీలు చనిపోయారు. ఎక్కువమంది ఐర్లాండ్ నుంచి, క్యూబెక్ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. కాంట్రాక్టరు పేరు చక్కెర పాకెట్టు మీద ఉంది. వాళ్ళలో చాలామంది పేరు ఎక్కడా లేదు.

పడమటి వైపు వాంకూవర్‌లో కథ మనకి ఇంకా దగ్గరది. అక్కడ 1890లో రోజర్స్ అనే ఆయన చక్కెర ఫ్యాక్టరీ పెట్టారు. ముడి చక్కెర కోసం ఆ కంపెనీ 1905లో ఫిజీ దీవుల్లో, నవువా దగ్గర ఏకంగా చెరుకు తోటలే కొంది. ఫిజీ తోటల్లో చెరుకు నరికింది ఎవరు? అయిదేళ్ళ అగ్రిమెంటు మీద వెళ్ళిన మన దేశం కూలీలు. ఆ అగ్రిమెంటు మాటే వాళ్ళ నోట్లో "గిర్మిట్" అయింది. 1903 నుంచి మద్రాసు రేవు ద్వారా కూడా మనుషుల్ని ఎక్కించారు, అందులో తెలుగువాళ్ళూ తమిళులూ ఉన్నారు. అంతకు ముందు 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరుకు తోటలకి వెళ్ళింది. అందులోనూ మనవాళ్ళు ఉన్నారు. మన సైట్లలో గయానా, ట్రినిడాడ్ నుంచి వచ్చి పనిచేసే వాళ్ళని చూస్తుంటాం కదా, మన పోలికలే ఉంటాయి. వాళ్ళ ముత్తాతలు వెళ్ళింది కూడా చెరుకు కోసమే.

కాబట్టి కెనడాలో వందేళ్ళ కిందటి పిల్లల కేకుల్లో మన కూలీల చెమట కలిసిన చక్కెర కూడా ఉంది. నరికినవాడి పిల్లలకి మాత్రం అలాంటి కేకు ఊహలో కూడా లేదు.

ఇంకొక సంగతి. 2023 సెప్టెంబర్ చివర్లో అదే వాంకూవర్ ఫ్యాక్టరీలో కార్మికులు సమ్మె చేశారు. 2024 ఫిబ్రవరి మొదటిదాకా నడిచింది. ఆ క్రిస్మస్‌కి పశ్చిమ కెనడాలో బేకరీలకి చక్కెర దొరక్క ఇబ్బంది పడ్డాయి. ఫ్యాక్టరీలో నూట చిల్లర మంది పని ఆపితే ఒక దేశంలో సగం ఊళ్ళ కేకులు కష్టాల్లో పడ్డాయి. పండగ ప్లేటు వెనక ఎంతమంది చేతులున్నాయో అలాంటప్పుడే బయటపడుతుంది.

రస్నా, కూల్ డ్రింకు

ఇక తాగేవాటి సంగతి. మన గోదావరి జిల్లాల వాళ్ళకి ఆర్టోస్ తెలుసు. రామచంద్రపురంలో 1919లో రాజుగారు సోడా మిషనుతో మొదలుపెట్టిన డ్రింకు. పెళ్ళిళ్ళలో ఇప్పటికీ దానిదే మర్యాద. మిగతా ఊళ్ళలో గోలీ సోడా.

కోకాకోలా సంగతి తమాషాగా ఉంటుంది. 1973 విదేశీ మారకం చట్టం ప్రకారం విదేశీ కంపెనీలు తమ వాటా 40 శాతానికి తగ్గించుకోవాలి. జనతా ప్రభుత్వంలో జార్జి ఫెర్నాండెజ్ పరిశ్రమల మంత్రిగా గట్టిగా నిలబడ్డారు. కోకాకోలా ఒప్పుకోక 1977లో వెళ్ళిపోయింది. మనకి పర్మిట్ రెన్యూ కాకపోతే సామాను సర్దుకున్నట్టే. ప్రభుత్వమే మైసూరు పరిశోధన సంస్థ ఫార్ములాతో "డబుల్ సెవెన్" అని ఒక కోలా తెచ్చింది. అది నిలబడలేదు. ఆ ఖాళీలో పెరిగిందే మన థమ్స్ అప్. దానితోపాటు గోల్డ్ స్పాట్, లిమ్కా. 1993లో కోకాకోలా మళ్ళీ వచ్చి ఆ బ్రాండ్లన్నీ కొనేసింది. గోల్డ్ స్పాట్‌ని ఆపేసి దాని చోట్లో ఫాంటాని కూర్చోబెట్టింది. మన అన్నయ్యలూ అక్కలూ తలుచుకునే గోల్డ్ స్పాట్ రుచి అలా పోయింది. థమ్స్ అప్‌ని మాత్రం జనం వదల్లేదు, కంపెనీ ఆపలేకపోయింది. ఇవ్వాళ మనం ఇక్కడ స్టోరులో కొనే థమ్స్ అప్, అప్పట్లో వెళ్ళగొట్టిన కంపెనీ చేతిలోనే ఉంది.

సీసా కొనలేని ఇంటికి దిక్కు రస్నా. అహ్మదాబాద్‌లో అరీజ్ ఖంబాటా కుటుంబం చేసిన పొడి అది. 1970లలో జాఫే అనే పేరుతో మొదలై తర్వాత రస్నా అయింది. 5 రూపాయల పాకెట్టు కొంటే 32 గ్లాసులు అని చెప్పి అమ్మారు. ఆ లెక్కే దాన్ని మన ఇళ్ళలోకి తెచ్చింది. ఇరవైమంది పిల్లలొస్తే కూల్ డ్రింకు సీసాలు ఎవరు కొంటారు? పొడి, చక్కెర, బిందె నీళ్ళు, ఐస్ ఫ్యాక్టరీ నుంచి గోనెసంచిలో తెచ్చిన ఐసు ముక్క. ఖంబాటా గారు 2022 నవంబర్‌లో పోయారు. ఆ వార్త చూసి మా రూములో అయిదు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదంటే మీరు నవ్వకండి.

చాక్లెట్లు మాత్రం మన సొంతం. చిత్తూరులో 1952లో పెట్టిన న్యూట్రిన్ కంపెనీ నుంచి వచ్చినవే ఆశ, మహా లాక్టో. పుట్టినరోజున స్కూలుకి యూనిఫాం లేకుండా కలర్ డ్రెస్ వేసుకుని వెళ్ళి, క్లాసంతా తిరిగి తలా ఒకటి పంచేవాళ్ళం. టీచరుకి రెండు. మన ఊరి కంపెనీ చెయ్యబట్టే అంత తక్కువలో అందరికీ సరిపోయింది. 2006లో దాన్ని గోద్రెజ్ కొంది, ఆ తర్వాత హెర్షీ చేతికి వెళ్ళింది. ఇక్కడ హెర్షీ చాక్లెట్ ప్రతి గ్యాస్ స్టేషన్‌లోనూ ఉంటుంది, చూసినప్పుడల్లా నాకు చిత్తూరు గుర్తొస్తుంది.

మంచూరియా ఎక్కడిది

2000 దాటాక మన టౌన్లలో పార్టీ అంటే బండి మీద ఫ్రైడ్ రైస్, గోబీ మంచూరియా అయింది. ఇది చైనాలో దొరకదు. కలకత్తాలో స్థిరపడిన చైనావాళ్ళ చేతి వంట. వాళ్ళలో మొదటాయన టాంగ్ అచ్యూ. వారన్ హేస్టింగ్స్ కాలంలో వచ్చి పెట్టింది ఏమిటనుకున్నారు, చెరుకు తోట, చక్కెర మిల్లు. మళ్ళీ చక్కెరే. ఆ తర్వాత వచ్చిన హక్కా వాళ్ళు టాంగ్రాలో తోళ్ళ పని చేశారు, హోటళ్ళు పెట్టారు. కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ 1975లో ముంబయిలో క్రికెట్ క్లబ్ వంటగదిలో పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి, సోయా సాస్ కలిపి చికెన్ మంచూరియా చేశానని చెప్పారు. అక్కడి నుంచి అది కాలీఫ్లవర్‌లోకి దిగి మన బస్టాండ్ల దాకా వచ్చింది.

1962 యుద్ధం వచ్చినప్పుడు ఈ దేశంలోనే పుట్టి పెరిగిన చైనా వాళ్ళని దాదాపు 3,000 మందిని రాజస్థాన్‌లోని దేవ్లీ క్యాంపులో నిర్బంధించారు. బయటికొచ్చాక చాలామంది దేశం వదిలేశారు. వాళ్ళలో చాలామంది టొరంటో చుట్టుపక్కల దిగారు. ఇవ్వాళ స్కార్‌బరోలో, బ్రాంప్టన్‌లో "హక్కా" అని బోర్డున్న చాలా హోటళ్ళకి మూలం అదే. మనం శుక్రవారం జీతం పడ్డాక అక్కడికెళ్ళి చిల్లీ చికెన్ తింటూ "అబ్బ, అచ్చం మన ఊరి టేస్టు" అంటాం. నిజమే. ఆ టేస్టు తయారుచేసినవాళ్ళే వండి పెడుతున్నారు. మన కన్నా ముందే వాళ్ళు ఆ దారిన వచ్చి ఇక్కడ పొయ్యి వెలిగించుకున్నారు.

మరి ఎందుకు ఆ రుచి రాదు

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. నాకు కనిపించిన కారణాలు ఇవి.

ఒకటి, కొన్ని సరుకులే మారిపోయాయి. వనస్పతి పోయింది, గోల్డ్ స్పాట్ పోయింది, కంపెనీలు చేతులు మారాయి.

రెండు, నాలుక మారింది. చిన్నపిల్లలు పెద్దవాళ్ళ కన్నా ఎక్కువ తీపి ఇష్టపడతారు, వయసొచ్చేకొద్దీ అది తగ్గుతుంది. పదేళ్ళప్పుడు అమృతంలా ఉన్న రస్నా ముప్పై అయిదేళ్ళకి గొంతు పట్టుకుంటుంది. పైగా అప్పుడు తాగింది 42 డిగ్రీల ఎండలో, ఇప్పుడు తాగేది బయట మంచు పడుతుంటే.

మూడు, ఇదే అసలుది. అప్పుడు అది ఏడాదికి నాలుగైదు సార్లే దొరికేది. ఇప్పుడు రోజూ కొనుక్కోవచ్చు. ఇంకో మాట, అప్పుడు ఎవరూ ఒక్కరే కూర్చుని తినలేదు. ఎవరో పిలిస్తే వెళ్ళాం, ఎవరో ప్లేటు చేతికిచ్చారు, పక్కవాడి ప్లేటులో పెద్ద ముక్క పడిందేమో చూసుకున్నాం. రూములో లైటు కింద ఒక్కడే పాకెట్టు విప్పుకుంటే ఆ సగం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పోయిన రుచిని వెతుక్కుంటూ కొందరు తమ్ముళ్ళు ఆ తీపినే రోజువారీ భోజనం చేసుకుంటున్నారు. పది గంటల డ్యూటీ, వంట చేసే ఓపిక ఉండదు, ఒక కూల్ డ్రింకు, ఒక బిస్కెట్ పాకెట్టు. 355 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో సుమారు 40 గ్రాముల చక్కెర ఉంటుంది. అంటే పది టీస్పూన్లు. మన దక్షిణాసియా వాళ్ళకి షుగరు వ్యాధి రిస్కు ఎక్కువ, చిన్న వయసులోనే వస్తుంది. ఇక్కడి లేబుల్ మీద శాతం చూడండి. 5 లోపు ఉంటే తక్కువ, 15 దాటితే ఎక్కువ అని గుర్తు. 2026 జనవరి 1 నుంచి చక్కెర, ఉప్పు, సాచురేటెడ్ కొవ్వు ఎక్కువున్న చాలా పాకెట్ల ముందు వైపే భూతద్దం బొమ్మతో హెచ్చరిక వెయ్యాలని కెనడా నియమం. ఇంగ్లీషు పెద్దగా రాకపోయినా ఆ బొమ్మ గుర్తు పట్టొచ్చు. ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించుకోండి.

మన పిల్లల ప్లేటు

ఇక్కడ పెరిగే పిల్లల పార్టీ ప్లేటు వేరు. పిజ్జా, కేకు, పాప్‌కార్న్. వాళ్ళు ఇష్టపడే అనాస పిజ్జా కూడా వలస మనిషి చేతిదే. గ్రీసు నుంచి 1954లో వచ్చిన సామ్ పనోపౌలోస్ అనే ఆయన 1962లో ఒంటారియోలోని చాథమ్‌లో తన హోటల్లో, డబ్బా అనాస ముక్కలు పిజ్జా మీద వేసి చూశారు. దానికి హవాయి పేరు పెట్టారు. ఆ చాథమ్ నుంచి ఇంకొంచెం ముందుకి పోతే లీమింగ్టన్ గ్రీన్‌హౌసులు. అక్కడ మెక్సికో, జమైకా నుంచి వచ్చిన కూలీలు టమాటాలు కోస్తుంటారు. పిల్లలు మన జంతికలు తినట్లేదని కొందరు బాధపడతారు. పిజ్జా పక్కనే ఒక గిన్నెలో పెట్టండి చాలు, వాళ్ళే చెయ్యి వేస్తారు. బాపు గారి కేకు ఇంగ్లీషు కేకులా లేదు, వాంగ్ గారి మంచూరియా చైనా వంటలా లేదు. కొత్త చోట దొరికిన సరుకుతో చేసిందే తర్వాతి తరానికి "అసలు రుచి" అవుతుంది.

ఇక పిల్లలు ఊళ్ళో ఉన్నవాళ్ళ సంగతి. మనలో సగంమంది వాళ్ళే. అక్కడ సాయంత్రం 7 గంటలకి కేకు కోస్తే ఎండాకాలంలో ఇక్కడ టొరంటోలో పొద్దున 9:30. సరిగ్గా కాఫీ బ్రేకు టైము. చలికాలమైతే 8:30. నేను సూపర్‌వైజర్ అయ్యాక మా క్రూలో ఎవరి పిల్లల పుట్టినరోజు ఎప్పుడో ఒక నోట్‌బుక్కులో రాసి పెట్టుకున్నాను. ఆ రోజు వాళ్ళకి ఎత్తు మీద పని వెయ్యను, బ్రేకు ఫోను టైముకి జరుపుతాను. ఒకరు టిమ్‌బిట్స్ డబ్బా తెస్తారు. 1976 నుంచి ఈ దేశంలో పంచుకునే తీపి అంటే అదే కదా. పంజాబీ, ఫిలిప్పీనో, పోర్చుగీసు, అందరూ తలా ఒకటి తీసుకుని ఫోన్లో ఆ పాపకి చెయ్యి ఊపుతారు. పావుగంట పని పోతుంది. ఇంతవరకు ఏ స్లాబూ ఆ పావుగంట వల్ల ఆగలేదు.

సూపర్‌వైజర్లుగా, ఫోర్‌మన్లుగా ఉన్న మన సంఘం సభ్యులందరికీ నా మనవి ఇదే, మీరూ ఒక నోట్‌బుక్కు పెట్టండి. మిగతా అందరికీ ఇంకో మనవి. మీ ఊళ్ళో పుట్టినరోజు ప్లేటులో ఏమేం పెట్టేవాళ్ళో, ఎవరు చేసేవాళ్ళో, ఎంతకి కొనేవాళ్ళో, మీకు ప్లేటు దొరకని రోజులు కూడా, ఒక పేజీ రాసి ఇవ్వండి. రాయడం రాకపోతే ఫోన్లో చెప్పండి, మేం రాసుకుంటాం. రెడ్‌పాత్ గురించి పుస్తకాలున్నాయి. మీ వీధి చివర మిక్చరు వేయించిన అవ్వ గురించి మీరు చెప్తేనే ఉంటుంది.